పెళ్లి షూట్లకు ఉక్కు సీ స్టాండ్లు కొనాలా, అల్యూమినియం స్టాండ్లు సరిపోతాయా?

అనంతపురం లైట్లు
మాది అనంతపురంలో చిన్న స్టూడియో. పసిపిల్లల ఫోటోలు లోపలే తీస్తాం, ముహూర్తాలు ఉన్నప్పుడు పెళ్లిళ్లకు వెళ్తాం. పాత స్టాండ్ల మరలు అరిగిపోయాయి. నాలుగూ ఉక్కు సీ స్టాండ్లే (లైటును పక్కకు చాచి పట్టే చేయి ఉన్న బరువైన స్టాండ్లు) కొందామని నాతో పనిచేసే అన్న అంటున్నారు. అల్యూమినియంవి కొంటే మిగిలే డబ్బుతో ఇంకో లైటు వస్తుందని నా వాదన. అల్యూమినియం స్టాండు, దాని కాలి మీద ఇసుక సంచి సరిపోవా?

కర్నూలు వీడియో
నిక్షేపంగా సరిపోతాయి. చేయి, దాన్ని బిగించే గ్రిప్ హెడ్ కలిపితే ఒక్కో సీ స్టాండు 8 కిలోల దాకా తూగుతుంది. నాలుగు కలిస్తే 30 కిలోలు దాటాయి. లిఫ్టు లేని ఫంక్షన్ హాల్లో పై అంతస్తుకు వాటిని ఎవరు మోయాలి? తలంబ్రాల వేళ బంధువులందరూ వేదిక ఎక్కేస్తారు, లైటును క్షణంలో పక్కకు జరపాలి. సినిమా సెట్లో స్టాండ్ల కోసమే మనుషులు ఉంటారు. మనకు ఉండేది ఒక్క కుర్రాడు, వాడే బ్యాటరీలూ చూసుకోవాలి.

కడప ఫోటో
మోత గురించి మీరన్నది నిజం. కానీ పసిపిల్లల ఫోటోలు అన్నారు కదా, నా భయమంతా అక్కడే. ఆ ఫోటోలకు లైటును పాప తల మీదుగా చాచి కడతాం. ఒకసారి లెక్క చూడండి. 3 కిలోల లైటును 1 మీటరు చేయి చివర పెట్టామనుకుందాం. స్టాండు మూడు కాళ్లలో ఒక్కొక్కటి మధ్య గొట్టం నుంచి అర మీటరు చాచి ఉంటుంది. 6 కిలోల ఉక్కు స్టాండు కాలు ఒకటి సరిగ్గా లైటు కిందకు వస్తే అది నిలబడుతుంది. అదే లైటు రెండు కాళ్ల నడుమకు వచ్చిందా, ఆ వైపు ఆసరా పావు మీటరే కాబట్టి ఉక్కుదైనా పడిపోతుంది. 2.5 కిలోల అల్యూమినియం స్టాండు కాలు సరిగ్గా పెట్టినా పడుతుంది. ఇందులో చేయి బరువు కలపనే లేదు.

కర్నూలు వీడియో
మీ లెక్కలోనే నా జవాబు ఉంది. అల్యూమినియం స్టాండుకు 7 కిలోల సంచి వేస్తే మొత్తం 9.5 కిలోలు, మీ ఉక్కు స్టాండు కన్నా ఎక్కువే. ఇసుక ఎక్కడైనా దొరుకుతుంది. ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకుని వెళ్లవచ్చు.

కడప ఫోటో
పడకుండా ఆపడం వరకు ఒప్పుకుంటాను. అయితే సంచి నేలకు ఆనకుండా కాలి మీద వేలాడాలి, ఆనితే బరువు స్టాండు మీద కాక నేల మీద పడుతుంది. తర్వాతి సంగతి చేయి. ఒక పక్కకు లాగే బరువుకు సన్నని అల్యూమినియం గొట్టం వంగుతుంది, ప్లాస్టిక్ పట్టు మెల్లగా జారుతుంది. పాప మీదకు లైటు అంగుళం అంగుళం దిగుతున్నా కెమెరా వెనక ఉన్నవాడికి కనిపించదు. సీ స్టాండుకు ఉండేది లోహపు గ్రిప్ హెడ్. బరువు కిందకు లాగేకొద్దీ మర బిగుసుకునే వైపు చేయి పెడితే అది జారదు. వైపు మార్చి పెడితే అదే బరువు మరను విప్పుతుంది. కొత్త కుర్రాళ్లకు మొదట నేర్పాల్సింది ఇదే.

ఇనుప పని
తాడిపత్రి నుంచి రాస్తున్నాను. ఇంత చర్చ ఎందుకు అన్నా? వెల్డింగ్ షాపులో ఇనుప పైపులతో చేయించుకుంటే బరువుకు బరువు, ఖర్చు కూడా తక్కువ.

కడప ఫోటో
వెనక తెర కట్టే, కదలకుండా ఉండే బ్యాక్‌డ్రాప్ స్టాండు నిరభ్యంతరంగా చేయించుకోండి తమ్ముడూ. లైటుకు మాత్రం వద్దు. లైట్ల పట్టు స్టాండు పైకొసన ఉండే 16 మిల్లీమీటర్ల పిన్నుకు సరిపడేలా తయారవుతుంది, పెద్ద సినిమా లైట్లకు 28 ఉంటుంది. లేతు మీద సరిగ్గా తీయని పిన్ను మీద లైటు గిర్రున తిరుగుతుంది. పైపులో పైపు వదులుగా ఉంటే మర విప్పగానే లైటు దబ్బున దిగుతుంది, మధ్యలో వేలు ఉంటే నలుగుతుంది.

అనంతపురం లైట్లు
ప్రీ వెడ్డింగ్ షూట్లకు గండికోట కూడా వెళ్తాం. అక్కడికి ఉక్కువే మేలా?

కడప ఫోటో
పెన్నా లోయ అంచున ఏ స్టాండూ వద్దు. గాలి గంటకు 36 కిలోమీటర్లు ఉంటే 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (లైటును మెత్తబరిచే గుడ్డ పెట్టె) మీద 4 కిలోలకు మించిన తోపు పడుతుంది. 2.5 మీటర్ల ఎత్తులో అది తోస్తుంటే, రెండు కాళ్ల నడుమకు పడకుండా ఆపడానికి అడుగున 40 కిలోలకు పైగా ఉండాలి. అంత ఇసుక ఎవరూ మోయరు. సాఫ్ట్‌బాక్స్ తీసేసి, చిన్న ఫ్లాష్‌ను కర్రకు బిగించి మనిషి చేత పట్టించండి. గాలి పెరిగితే మనిషికి తెలుస్తుంది, దించేస్తాడు. కింద పర్యాటకులు ఉంటారు, ఈ విషయంలో నేను రాజీపడను.

కర్నూలు వీడియో
దీనికి నా పూర్తి మద్దతు. ఓర్వకల్లు రాళ్ల దగ్గర కూడా మేము అలాగే పట్టిస్తాం.

అనంతపురం లైట్లు
అయితే స్టూడియోకు రెండు ఉక్కువి, పెళ్లిళ్లకు రెండు అల్యూమినియంవి, నాలుగు సంచులు. సరేనా?

కడప ఫోటో
సరే. ఉక్కువాటిలో ఒకదానికి మాత్రం పైకీ కిందకీ జరిగే కాలు ఉన్నది తీసుకోండి, వేదిక మెట్ల మీద కూడా నిటారుగా నిలుస్తుంది.

కర్నూలు వీడియో
ఉక్కుది ఒకటి చాలని ఇప్పటికీ నా అభిప్రాయం. పాప ఫోటోకు పైనుంచి వచ్చే లైటు ఒక్కటే కదా. రెండో దాని డబ్బు అల్యూమినియం స్టాండ్ల మీద పెట్టి, ప్లాస్టిక్ కాకుండా లోహపు పట్లు ఉన్నవి కొనండి.