చెవి మిషన్ పెట్టకపోతే మతిమరుపు వస్తుందా? మామయ్య గురించి సలహా కావాలి

సిరిసిల్ల కోడలు:
మా మామయ్యకు 68 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ సిరిసిల్లలో సాంచాలు (కరెంటుతో నడిచే మరమగ్గాలు) నడిపారు, ఇప్పుడు కరీంనగర్‌లో మా దగ్గరే ఉంటున్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పర్వాలేదు, వెనక నుంచి పిలిస్తే పలకరు. "పప్పు వేయమంటారా" అని అడిగితే "తప్పు ఎవరిదైతే ఏమిటి" అంటారు. మొదట్లో అందరం నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవారు. ఇప్పుడు నవ్వడం లేదు. పెళ్లిళ్లకు రానంటారు. భివండి నుంచి మా ఆడపడుచు ఫోను చేస్తే "బాగున్నాను, అమ్మతో మాట్లాడు" అని అత్తయ్య చేతికి ఇచ్చేస్తారు. ఈ మధ్య స్నానాల గది గుమ్మం దగ్గర తూలి పడ్డారు. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది.

పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ నరం దెబ్బతిన్నదన్నారు. కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ దగ్గర గుంటగా దిగింది. మిషన్లు అమ్మే దుకాణం అతను "ఇప్పుడే పెట్టకపోతే రెండేళ్లలో మతి పోతుంది" అని భయపెట్టాడు. చెవికీ మతిమరుపుకీ, పడిపోవడానికీ నిజంగా సంబంధం ఉందా, లేక అది బేరం మాటా? మామయ్య మాత్రం "వినవలసినవన్నీ విన్నాను, ఇంక వినేదేముంది" అంటున్నారు.

కోనసీమ కుర్రాడు:
ముందు చెవిలో గుబిలి తీయించారా? మా తాతయ్యకు సగం చెవుడు దానితోనే పోయింది. పిన్నీసులు మాత్రం పెట్టనివ్వకండి.

వరంగల్ ఆడియాలజిస్టు:
గుబిలి వల్ల గీత 4000 దగ్గర అలా దిగదు, అది చప్పుడు చేసిన పని. రోజుకు 8 గంటలు పని చేసేవారికి చప్పుడు 85 డెసిబెల్స్ మించకూడదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సిఫారసు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి తగ్గాలి, అంటే 94 దగ్గర గంటకు మించి ఉండకూడదు. సాంచాల షెడ్డులో చప్పుడూ అంతకు తక్కువ ఉండదు, పని కూడా గంటతో అయిపోదు. లోపలి చెవిలో చప్పుడును పట్టే రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ రావు. నరాల చెవుడు తగ్గిస్తామని చుక్కలు అమ్మేవారిని నమ్మకండి. ప, త, క, స లాంటి సన్నని ధ్వనులే ముందు పోతాయి కాబట్టి ఆయనకు గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. మీరు అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి తప్ప పప్పు పప్పు కాదు.

ఇక మీ ప్రశ్న. సంబంధం ఉంది, దుకాణం అతను చెప్పినంత లేదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బుకు, దారితీయగల, మనం మార్చుకోగల 14 కారణాల్లో వినికిడి లోపాన్నీ చేర్చింది. అయితే మిషన్ పెట్టిన ప్రతివారికీ మతి నిలుస్తుందని కాదు. 2023లో వెలువడిన అచీవ్ అనే అమెరికా పరీక్షలో 70 నుంచి 84 ఏళ్ల వారు 977 మందిలో కొందరికి మిషన్లు పెట్టి, కొందరికి పెట్టకుండా మూడేళ్లు చూశారు. మొత్తం మీద తేడా కనబడలేదు. ముందునుంచే ముప్పు ఎక్కువ ఉన్నవారిలో మాత్రం మతి మందగించడం దాదాపు సగం తగ్గింది. పడిపోవడం గురించి: 25 డెసిబెల్స్ లోపం ఉన్నవారిలో ఏడాదిలో ఒకసారైనా పడ్డామన్నవారు దాదాపు మూడు రెట్లని 2012లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు చూశారు. మామయ్య తూలడానికి బీపీ మాత్రలు, చక్కెర, కళ్లు కూడా కారణం కావచ్చు. అన్నీ చెవి మీదకు నెట్టకండి.

డబ్బు ఇబ్బందైతే 60 దాటిన పేదలకు చెవి మిషన్ల లాంటివి ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017లో నెల్లూరు జిల్లాలో మొదలుపెట్టారు. శిబిరం ఎప్పుడో కలెక్టరేట్‌లో కనుక్కోండి.

విశ్రాంత లెక్కల మాస్టారు:
అమ్మా, నాకు రెండు చెవులకూ మిషన్లే. "ఇంక వినేదేముంది" అన్నది మీ మామయ్య బెట్టు కాదు, అలసట. పెళ్లి భోజనాల దగ్గర సగం మాట విని, మిగతాది పెదవులు చూసి ఊహించి, జవాబు కూడదీసుకునేలోగా పక్కవాళ్లు ఇంకో సంగతిలో ఉంటారు. ఇంటికి వచ్చేసరికి నాకు తల దిమ్మెక్కేది. కొన్నాళ్లకు మనుషులే వద్దనిపించింది. నన్ను గర్విష్ఠినన్న బంధువులు కూడా ఉన్నారు, ఉండనివ్వండి.

మిషన్ పెట్టగానే సుఖం అని చెప్పకండి, ఆయన రెండో రోజే తీసి గూట్లో పెడతారు. మొదట్లో గట్టు మీద స్టీలు గ్లాసు పెడితే తుపాకీ పేలినట్టుండేది. కుళాయి చుక్క, కాగితం మడత, నా నమలడం, అన్నీ వినబడి విసుగు. ఇంట్లో, ఒక్క మనిషితో, రోజూ కాసేపు పెట్టించండి. సంతలోకీ పెళ్లిలోకీ తరువాత. నా మిషన్ల బ్యాటరీకి గోధుమరంగు స్టిక్కరు ఉంటుంది. అది తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు మూత వేయాలి, లేకపోతే సరిగా పనిచేయదు. ఈ ముక్క నాకు అమ్మినవాడు చెప్పలేదు! వినికిడికి తగ్గట్టు సవరించడానికి మళ్లీ మళ్లీ పిలిచే చోటే కొనండి. ఇంట్లోవాళ్లూ వంటింట్లోంచి కేకలు వేయడం మానండి. ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా, మామూలు గొంతుతో మాట్లాడండి.

సిరిసిల్ల కోడలు:
అందరికీ ధన్యవాదాలు. బీపీ, చక్కెర కూడా చూపిస్తాం. మాస్టారు గారి జవాబు చదివి వినిపించబోయి, ఫోను మామయ్య చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివారు. "ఈయనకు ఎంత పడిందో అడుగు" అన్నారు. ఎంత పడిందండీ?