అరవై దాటాక తొలి నవలను సొంతంగా ప్రచురించుకోవడం గురించి

ప్రశ్న

నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత ఒక నవల పూర్తి చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నివేదికలు, లేఖలు తప్ప మరేమీ రాసినవాణ్ని కాను. ప్రచురణకర్తల నుంచి జవాబు రాలేదు. ఒక సంస్థ మాత్రం వెంటనే స్పందించి, ఎడిటింగ్, ముఖచిత్రం, ముద్రణ, ప్రచారం కలిపి ప్యాకేజీగా చేసి పెడతామని, ఖర్చు నేను భరించాలని, హక్కులు కొన్నేళ్లపాటు తమవద్దే ఉంటాయని చెబుతోంది. దానికి ఒప్పుకోవాలా, లేక అంతా నేనే చూసుకోవాలా? ఈ వయసులో మొదలుపెట్టడం అర్థవంతమేనా అన్న సందేహం కూడా ఉంది.

సమాధానం 1

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంగ్లిష్ రచయిత డేనియల్ డెఫో తొలి నవల ‘రాబిన్సన్ క్రూసో’ 1719లో వెలువడే నాటికి ఆయన అరవైకి చేరువలో ఉన్నారు. అమెరికన్ రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ పిల్లల నవలల్లో మొదటిది 1932లో, ఆమెకు 65 ఏళ్లున్నప్పుడు వచ్చింది. అయితే ఇలాంటి పేర్లు ధైర్యం ఇస్తాయే తప్ప దారి చూపవు. వయసు వల్ల అసలు చిక్కు తొందర. ఉన్న కాలం తక్కువన్న భావనతో రెండోసారి తిరగరాయవలసిన ప్రతిని నేరుగా డీటీపీకి పంపేస్తారు. మీకు ఆ ప్యాకేజీ ఆకర్షణీయంగా కనిపించడానికి కూడా ఈ తొందరే కారణమేమో ఆలోచించండి.

సమాధానం 2

డబ్బు మీరు పెట్టి, హక్కులు వారికి ఇవ్వడం సొంత ప్రచురణ కాదు. సొంత ప్రచురణలో ప్రచురణకర్త మీరే; ఎడిటర్, చిత్రకారుడు, ముద్రాపకుడు మీరు విడివిడిగా పని అప్పగించినవారు. ఎవరితో ఒప్పందం చేసుకున్నా, అచ్చు పుస్తకం, ఈ-బుక్, ఆడియో, అనువాదం అనే నాలుగు హక్కుల గురించి ఏం రాశారో వేర్వేరుగా చూడండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఎవరి పేరున నమోదవుతుందో, పని ముగిశాక లేఅవుట్, ముఖచిత్రం అసలు ఫైళ్లు మీ చేతికి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఫైళ్లు లేకపోతే ఒక అచ్చుతప్పు దిద్దడానికి కూడా మళ్లీ వారి దగ్గరికే వెళ్లాలి.

మొదటే వేయి కాపీలు వేయించకండి. ఇంగ్లిష్ బాలల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు కథను ప్రచురణకర్తలు తిరస్కరించాక 1901లో సొంతంగా అచ్చు వేయించింది 250 ప్రతులే. ఇప్పుడైతే ఆర్డర్ వచ్చినప్పుడే ఒక్కో ప్రతిని ముద్రించే ప్రింట్ ఆన్ డిమాండ్ ఉంది. ప్రతికి ఖర్చు ఎక్కువే అయినా, అమ్ముడుపోని కట్టలు ఇంట్లో పేరుకుపోవు. ఈ-బుక్‌కు అమెజాన్ కేడీపీ వంటి సొంత ప్రచురణ వేదికలో 35 శాతం, 70 శాతం అనే రెండు రాయల్టీ (అమ్మకంలో రచయిత వాటా) రేట్లున్నాయి. ఎక్కువ రేటు కావాలంటే ధర నిర్ణీత పరిధిలో ఉండటం సహా కొన్ని షరతులకు ఒప్పుకోవాలి. అక్కడే కేడీపీ సెలెక్ట్ అనే ఐచ్ఛిక పథకంలో చేరితే, దాని 90 రోజుల గడువులో ఈ-బుక్‌ను మరెక్కడా అమ్మకూడదు. అచ్చు ప్రతికి ఆ నిబంధన వర్తించదు.

మన వయసువారు సాధారణంగా మరచిపోయేది మరొకటుంది. కాపీరైట్‌పై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీరైట్ రచయిత మరణానంతరం కనీసం 50 ఏళ్లు ఉంటుంది; చాలా దేశాల్లో అంతకంటే ఎక్కువే. కాబట్టి హక్కులు ఎవరికి చెందాలో వీలునామాలో రాయండి, ఫైళ్లు, ఖాతాల వివరాలు ఎక్కడున్నాయో వారికి తెలియజేయండి.

సమాధానం 3

ఖర్చు పెట్టదలిస్తే ముందు ఎడిటింగ్‌కు పెట్టండి. ప్రచారం తరువాత చూడవచ్చు. నివేదికలు రాసిన చేతికి ఒక అలవాటు ఉంటుంది: ముందు నిర్ణయం చెప్పి, తరువాత కారణాలు వివరించడం. కథలో అది పాఠకుడికి పని లేకుండా చేస్తుంది. "రాఘవయ్యకు విపరీతమైన కోపం వచ్చింది, ఎందుకంటే కొడుకు తనను సంప్రదించలేదు" అని రాస్తే అది నివేదిక. "రాఘవయ్య చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, కొడుకు అందించిన మంచినీళ్లు తీసుకోకుండా, కాగితాలు ఎక్కడని కోడలిని అడిగాడు" అంటే కోపం పేరు ఎత్తకుండానే అర్థమవుతుంది. మీ ప్రతిలో "ఎందుకంటే" అన్న చోటల్లా ఆగి చూడండి.

రెండో అలవాటు, నిజంగా జరిగిందన్న కారణంతో ఒక సన్నివేశాన్ని వదులుకోలేకపోవడం. ఎడిటర్ అది నమ్మశక్యంగా లేదంటే, "నా కళ్లతో చూశాను" అన్నది సమాధానం కాదు. ప్రతిని మొదట కుటుంబానికి ఇవ్వకండి. వారు కథ చదవరు, అందులో తామెక్కడున్నామో వెతుక్కుంటారు. మీకు పరిచయం లేని ఇద్దరు ముగ్గురు పాఠకులకిచ్చి, ఎక్కడ చదవడం ఆపాలనిపించిందో మాత్రమే అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ప్యాకేజీ ఆలోచన మానుకుంటున్నాను. కలం పేరు వాడితే హక్కులకు ఇబ్బంది ఉంటుందా?

సమాధానం 2 రాసినవారు

కలం పేరు వల్ల హక్కు పోదు. కానీ అసలు పేరు ఎక్కడా నమోదు కాకపోతే, చాలా దేశాల్లో కాపీరైట్ గడువును మీ మరణం నుంచి కాక ప్రచురణ తేదీ నుంచి లెక్కిస్తారు. ముఖచిత్రం మీద కలం పేరు ఉంచి, కాపీరైట్ పేజీలో అసలు పేరు వేయండి.