వెయ్యి అడుగుల బోరులో న్యూట్రినో డిటెక్టర్ గోళాన్ని పరీక్షించొచ్చా?

ప్రశ్న, అనంతపురం నుంచి:
మధ్యధరా సముద్రంలో, దాదాపు దేనికీ తగలకుండా దూసుకుపోయే న్యూట్రినో కణాలను పట్టే కేఎం3నెట్ డిటెక్టర్ కోసం 17 అంగుళాల గాజు గోళంలో 31 ఫొటోమల్టిప్లయర్ ట్యూబులు (అతి మసక వెలుగునూ పసిగట్టే గొట్టాలు) బిగిస్తున్నారు. అలాంటివి 18 ఒక్కో తీగకు కట్టి దించుతున్నారు. మా వైపు వెయ్యి అడుగుల బోర్లకు కొదవ లేదు. డిగ్రీ ప్రాజెక్టుగా ఒక గోళం చేసి బోరులో దించితే పీడనం, చీకటి రెండూ దొరుకుతాయా?

జవాబు, కర్నూలు:
చీకటి దొరుకుతుంది, పీడనం అంతగా దొరకదు. లెక్కలోకొచ్చేది గుంత లోతు కాదండీ, గోళం మీద ఎంత నీరుందన్నదే. నీళ్లు 800 అడుగుల కింద ఉంటే మిగిలేది 200 అడుగులు, అంటే దాదాపు 6 అట్మాస్ఫియర్లు. కేఎం3నెట్ గోళాలు దించే సిసిలీ దగ్గర 3,500 మీటర్ల లోతున 350. పైగా ఆరున్నర అంగుళాల బోరులో 17 అంగుళాల గోళం మూతి దగ్గరే ఆగిపోతుంది. కణాలు నీటిలో అతి వేగంగా దూసుకెళ్లేటప్పుడు పుట్టే నీలి వెలుగు, అంటే చెరెంకోవ్ వెలుగు, సముద్రపు తేట నీటిలో పదుల మీటర్లు పోతుంది, బోరులో మూడంగుళాలకే రాయి అడ్డం. లోతు అసలు ఎందుకంటే, కాస్మిక్ కిరణాల వల్ల పుట్టి పైనుంచి కురిసే మ్యూయాన్ కణాలు తగ్గి, న్యూట్రినోల జాడ వాటిలో కలిసిపోకుండా ఉండడానికి. మన పక్క కోలారు గనుల్లో 2.3 కిలోమీటర్ల లోతున 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ దొరికింది అందుకే.

జవాబు, కడప:
గోళమే చేయాలనుకుంటే రెండు చోట్ల జాగ్రత్త. ట్యూబుకు, గాజుకు మధ్య పోసే సిలికాన్ జెల్ కలిపాక వ్యాక్యూమ్‌లో పెట్టి బుడగలన్నీ తీయండి. బుడగ ఉన్నచోట వెలుగు ట్యూబు దాకా రాకుండా పక్కకు పోతుంది. రెండోది అరగోళాల అంచు. ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా బరువంతా ఆ చుక్క మీదే పడి గాజు పెచ్చు లేస్తుంది. ఆల్కహాల్‌తో తుడిచి, మూశాక లోపలి గాలి కొంత లాగేయండి. బయటి గాలే రెంటినీ అదిమి పడుతుంది. పగుళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. జపాన్‌లోని సూపర్ కమియోకండే న్యూట్రినో డిటెక్టర్‌లో 2001లో ఒక్క ట్యూబు పగిలితే ఆ అదురుకు సుమారు 6,600 ట్యూబులు పోయాయి.

జవాబు, కర్నూలు:
పిల్లలకైతే నీళ్లు నింపిన 200 లీటర్ల డ్రమ్ము చాలు, మ్యూయాన్లను లెక్కపెట్టొచ్చు. లోపల వెలుగును తిప్పికొట్టే తెల్లటి టైవెక్ ప్లాస్టిక్ షీటు, పైన మూడంగుళాల ట్యూబు కిందికి చూసేలా, మూత చుట్టూ నల్ల టేపు రెండు వరసలు. చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒక మ్యూయాన్ పడుతుంది కాబట్టి డ్రమ్ము మూతి మీద సెకనుకు 40 దాకా లెక్క రావాలి. వందల్లో వస్తే ముందు టేపు చూడండి, వెలుగు కారుతోంది. హై వోల్టేజ్ ఉండగా మూత తీశారా, ట్యూబు పోయినట్టే. ఆపి తీసినా, మళ్లీ మూశాక కొన్ని గంటలు చీకట్లో ఉంచాకే లెక్కించండి.

ప్రశ్న అడిగినవారు:
డ్రమ్ములో బోరు నీళ్లే పోయొచ్చా సార్?

జవాబు, కర్నూలు:
వద్దండీ. ఇనుము ఉన్న నీళ్లు రెండు రోజుల్లో పసుపురంగుకు తిరిగి, మనకు కావలసిన నీలి వెలుగునే మింగేస్తాయి. ఆర్‌వో నీళ్లు పోయండి, వారం వారం మార్చండి.