క్రాష్ ప్రొటెక్టర్లు బిగించడం వల్ల ఉపయోగం ఉందా?

ప్రశ్న: ఫెయిరింగ్ (బండి పక్కలను కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బైకు కొన్నాను. ఇంజిన్ పక్కన నైలాన్ స్లైడర్లు (బండి పడితే ముందుగా నేలకు తగిలే ముక్కలు, ఒక రకం క్రాష్ ప్రొటెక్టర్లు) తప్పక పెట్టించమని ఒక మిత్రుడు, అవి ఫ్రేమునే వంచేస్తాయని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు 1: పెట్టించండి. స్టాండు సరిగా దిగక ఆగిన చోటే బండి ఒరిగినా ఫెయిరింగ్ పగులుతుంది.

జవాబు 2: నేను బైకులు బాగుచేస్తాను. ఇద్దరి మాటా నిజమే, తేడా అంతా బిగింపులో ఉంది. ఒకే పొడవాటి బోల్టు మీద బయటికి పొడుచుకొచ్చిన స్లైడరుకు దెబ్బ తగిలితే, ఆ బలమంతా బోల్టు మీదుగా ఇంజిన్ మౌంటుకు, అంటే ఇంజిన్‌ను ఫ్రేముకు బిగించే చోటుకు, చేరుతుంది. బోల్టు వంగితే సరే, మౌంటు పగిలితే ఖర్చు భారీగా ఉంటుంది. రెండు చోట్ల పట్టుకునే బ్రాకెట్ రకం మేలు.

మొన్న తడి రోడ్డు మీద జారిన బండి వచ్చింది. నైలాన్ ముక్క ఒక వైపు ఏటవాలుగా అరిగి, అందులో కంకర నలుసులు దిగబడి ఉన్నాయి. దాని వెనకున్న క్లచ్ కవరు మీద గీత కూడా లేదు. ఆ కవరు పగిలి ఉంటే ఆయిలు కారిపోయి బండి అక్కడే ఆగిపోయేది. నేను వీటిని బిగించమనేది అందుకే, పెయింటు కోసం కాదు. అయితే రోడ్డు అంచు గట్టుకు తట్టుకుంటే ఇదే స్లైడరు బండిని పల్టీ కొట్టించగలదు.

ప్రశ్న అడిగినవారు: ఇనుప గార్డు కాలిని కాపాడుతుందా?

జవాబు 2: బండి పక్కకు ఒరిగినప్పుడు కాలికి కొంత చోటు మిగలవచ్చు. వేగంలో ఆ నమ్మకం పెట్టుకోకండి, మంచి బూట్లు కొనండి. ఏది పెట్టినా బోల్టులను కంపెనీ చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించమనండి.