విశ్రాంత సైన్యాధికారి వెంటనే రక్షణ మంత్రి కావచ్చునా?

ప్రశ్న:
అమెరికాలో సైన్యం నుంచి విరమించిన అధికారి కొన్నేళ్లు గడిచేదాకా రక్షణ మంత్రి కాకూడదని చట్టం ఉండగా, జేమ్స్ మాటిస్, లాయిడ్ ఆస్టిన్ గడువు తీరకముందే ఆ పదవిలోకి ఎలా వచ్చారు? గడువు ఏడేళ్లా, పదేళ్లా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
రెండూ నిజమేనండీ. 1947 నాటి జాతీయ భద్రతా చట్టం పదేళ్ల గడువు పెట్టింది; 2008లో దాన్ని ఏడేళ్లకు తగ్గించారు; 2021 డిసెంబరులో వచ్చిన సవరణ బ్రిగేడియర్ జనరల్, ఆపై హోదాల వారికి మళ్లీ పదేళ్లు చేసి, కింది హోదాల వారికి ఏడేళ్లే ఉంచింది. మినహాయింపు అధ్యక్షుడు ఒక్కడి చేతిలో లేదు. అందుకు ఉభయ సభలూ ప్రత్యేకంగా చట్టం చేయాలి.

జవాబు 2:
అలాంటి మినహాయింపు మొదట 1950లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, మాజీ సైన్యాధిపతి జార్జ్ మార్షల్‌కు లభించింది. ఇకముందు సైనికులను ఆ పదవిలో నియమించడానికి దీన్ని ఆమోదంగా భావించరాదని ఆ చట్టంలోనే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) రాసుకుంది. అరవై ఆరేళ్లకు పైగా ఆ మాట నిలిచింది. 2013లో విరమించిన మాటిస్‌కు 2017లోనూ, 2016లో విరమించిన ఆస్టిన్‌కు 2021లోనూ మినహాయింపు ఇచ్చారు. నాలుగేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఇవ్వడం నాకు ఆందోళన కలిగించింది, ఎందుకంటే నిన్నటిదాకా తనతో పనిచేసిన సేనానుల సలహాను మంత్రి నిష్పాక్షికంగా తూచగలగాలి.

జవాబు 3:
మన దేశంలో మంత్రులకు ఇలాంటి గడువు లేదు. 2012లో సైన్యాధిపతిగా విరమించిన వి.కె.సింగ్ 2014లో కేంద్ర సహాయ మంత్రి అయ్యారు, అయితే ఆయనకు రక్షణ శాఖ ఇవ్వలేదు.