స్టేజీ ఎక్కించే వీల్‌చైర్ లిఫ్ట్ హైదరాబాద్‌లో అద్దెకి దొరుకుతుందా?

వచ్చే నెల 18న మాదాపూర్ దగ్గర ఒక హోటల్లో మా సదస్సు, సుమారు 300 మంది వస్తారు. ముఖ్య వక్త పవర్ వీల్‌చైర్ వాడతారు, మనిషితో కలిపి బరువు 190 కిలోల దాకా ఉంటుంది. గేటు, లిఫ్టు, టాయిలెట్ అన్నీ టేపు పెట్టి కొలిచాం, ఇబ్బంది లేదు. చిక్కంతా స్టేజీ దగ్గరే. 3 అడుగుల ఎత్తు, పక్కన మెట్లు తప్ప వేరే దారి లేదు, సిమెంటుతో కట్టింది కాబట్టి తగ్గించే వీలూ లేదు.

డెకరేషన్ వాళ్లు 10 అడుగుల ప్లైవుడ్ ర్యాంప్ వేస్తామంటున్నారు, కానీ 1:12 వాలు (అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు) లెక్కన 3 అడుగులకి 36 అడుగులు కావాలి, మలుపు దగ్గర చదునైన జాగా అదనం, హాల్లో అంత చోటు లేదు. హోటల్ వాళ్లేమో "నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తేస్తారులెండి" అన్నారు. అది ప్రమాదం, ఆవిడకి అవమానం కూడా, నేను ఒప్పుకోను. సౌండు, లైటింగు అద్దెకిచ్చేవాళ్లనీ ఆసుపత్రి పరికరాల షాపుల్నీ అడిగాం, వాళ్ల దగ్గరున్నవన్నీ గోడకి బిగించేవే.

200 కిలోలు మోసే, చక్రాల మీద తెచ్చి పెట్టుకునే లిఫ్ట్ ఒక్క రోజుకి అద్దెకిచ్చేవాళ్లు హైదరాబాద్‌లో గానీ, బెంగళూరు, చెన్నైలో గానీ ఎవరైనా తెలుసా?