సుగ్గికి పోయినోళ్ల పిల్ల, రోజూ కడుపునొప్పి: బడిలో మనం ఏం చేయొచ్చు?

బయాలజీ మేడం (కోసిగి వైపు)

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. దీపావళి దాటితే మా ఊళ్లల్లో ఏ వీధి చూసినా తాళాలేసిన ఇళ్లే. ముందు పత్తి తీసేదానికి, ఆ వెనక మిరపకాయలు కోసేదానికి గుంటూరు దిక్కు పోతారు. ఇక్కడ దాన్ని సుగ్గి అంటారు. ఉగాదికి మళ్లీ ఇల్లు చేరతారు. పిల్లల్ని కొందరు వెంట తీసుకుపోతారు, కొందరు సీజనల్ హాస్టల్లో వేస్తారు, కొందరు అవ్వ దగ్గర విడిచి పోతారు.

అట్లా అవ్వ దగ్గర మిగిలిన ఒక పిల్ల గురించి అడుగుతున్నా. ఎనిమిదో తరగతి. కణం బొమ్మ వేస్తే బోర్డు మీద నేను వేసినదానికన్నా శుభ్రంగా ఉంటుంది. అమ్మానాన్నా తమ్ముణ్ణి వెంట తీసుకుపోయినారు. చదువు చెడకూడదని ఈ పిల్లను ఇక్కడే ఉంచినారు. డిసెంబర్ మొదలైనప్పటి నుంచి పొద్దున ప్రార్థన వేళకు కడుపు పట్టుకుని కూలబడిపోతోంది. వారానికి మూడు రోజులు బడికే రాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు సార్లు సెలైన్ పెట్టినాడు. ఆదోనిలో స్కానింగ్ తీయించినారు, 1200 రూపాయలు, అందులో ఏమీ లేదన్నారు. "వాళ్లమ్మ పోయినకాడి నుంచి ఇట్లే టీచరమ్మా, ఏదో గాలి సోకింది" అని అవ్వ ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి తీసుకుపోయి చేతికి దారం కట్టించుకుని వచ్చింది.

ఆ దారం చూసినప్పటి నుంచి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. దెయ్యం పట్టింది అంటున్నారు. మధ్యాహ్నం భోజనానికి కుళాయి దగ్గర ఒక్కతే కూర్చుని తింటోంది. చొక్కా చెయ్యి కిందికి లాగి దారం దాచుకుంటుంది.

నా తప్పు కూడా చెప్పాలి. యూనిట్ పరీక్ష రోజు అందరి ముందరా "పరీక్ష రోజే వస్తుందా నొప్పి?" అనేసినా. అప్పటి నుంచి నాతో కూడా మాట్లాడడం లేదు.

మా బడిలో ఆరోగ్యం పాఠాలు చెప్పే ఇద్దరు టీచర్లలో నేనొకదాన్ని. శిక్షణకు పోయి వచ్చినా. భావోద్వేగాల మీద పాఠం చెప్పగలను. కానీ ఒక పిల్ల ఎదురుగా కూర్చుంటే ఏం అడగాలి, ఎవరి దగ్గరికి పంపాలి అన్నది నాకు చేతకావడం లేదు. కర్నూలు పెద్దాసుపత్రి ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరం. అవ్వకు ఒక రోజు కూలి పోతుంది. పైగా "మానసిక డాక్టర్" అన్న మాట ఊళ్లో పడితే రేపు ఆ పిల్ల పెళ్లి దాకా వెంటాడుతుంది. డాక్టర్నో కౌన్సెలర్నో బడికే రప్పించే దారి ఉందా? వస్తే, ఈ పిల్లను వేలెత్తి చూపించినట్టు కాకుండా ఎట్లా చూపించాలి?

రిటైర్డ్ సిస్టర్ (అనంతపురం)

అమ్మా, నేను ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైనాను. చివరి తొమ్మిదేళ్లు మానసిక విభాగం ఓపీలోనే. నీవు చెప్పిన లాంటి పిల్లలు నెలకు ఇద్దరు ముగ్గురైనా వచ్చేవాళ్లు. అందరూ అప్పటికి రెండు స్కానింగులు, నాలుగు సెలైన్లు అయినాకనే.

మొదట ఒకటి మనసులో పెట్టుకో. ఆ నొప్పి నిజం, నాటకం కాదు. దిగులు పడితే పేగులు పట్టేస్తాయి, మెదడుకూ కడుపుకూ నరాల లంకె ఉంది. మనకూ పరీక్ష హాలు గుమ్మం దగ్గర కడుపులో తిప్పేది కదా. "ఏమీ లేదంట" అని మాత్రం అనొద్దు, ఆ మాటకు పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. "స్కానింగ్‌లో భయపడేది ఏమీ లేదు. నొప్పి మాత్రం ఉంది. ఎప్పుడెప్పుడు వస్తోందో ఇద్దరం కలిసి రాసుకుందాం" అను. రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయించు: ఏ రోజు, ఏ వేళ, ముందు రోజు రాత్రి ఏం జరిగింది, నిద్ర పట్టిందా, అమ్మతో ఫోన్ కలిసిందా. ఆదివారం నొప్పి ఉందా లేదా అన్నది చాలా చెబుతుంది. నెలసరి సంగతి కూడా అడుగు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా మళ్లీ డాక్టరుకు చూపించాల్సిందే.

అడగడానికి ముందు ఒక జాగ్రత్త. "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాటివ్వొద్దు. అమ్మానాన్నా లేని ఇంట్లో పిల్లకు ఎవరి వల్ల ఇబ్బంది ఉందో మనకు తెలీదు. లైంగికంగా ఎవరైనా వేధించినారని చెబితే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పడం నీ బాధ్యత, దాచితే అది నేరం. అందుకే ముందే "నీకు హాని జరిగే సంగతైతే, ముందు నీకు చెప్పినాకనే ఇంకొకరికి చెప్తా" అను. పిల్లలు దీన్ని అర్థం చేసుకుంటారమ్మా. మాటిచ్చి తప్పితే మాత్రం క్షమించరు.

ఇంకొకటి, నోరు రాకపోయినా అడగాల్సింది. "బతకాలని లేదు అనిపిస్తోందా?" అని నేరుగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అట్లా కాదు. అడిగే మనిషి దొరికినందుకు ఊపిరి తీసుకున్న పిల్లలనే నేను చూసినా. అవునంటే ఆ రోజు ఒంటరిగా ఇంటికి పంపొద్దు. అవ్వ ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే అడిగి బయటికి పెట్టించు. ఇది మాత్రం సిగ్గుపడకుండా ఈ వారమే చెయ్యి.

ఎవరికి ఫోన్ చేయాలంటే 14416, టెలి మానస్, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉంటారు, డబ్బు కట్టేది లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకు కలుపుతారు. పిల్ల చేతికి ఫోన్ ఇవ్వకముందు నీవే ఒకసారి టీచరుగా మాట్లాడు, ఏం అడగాలో వాళ్లనే అడుగు.

బడికి రప్పించే సంగతి. మీకు పక్కనే బళ్లారి ఉంది. 1980లలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ జిల్లాలో మామూలు డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ నేర్పించి, పీహెచ్‌సీలోనే మానసిక రోగాలకు మందులిచ్చేట్టు చేసి చూపించినారు. దాన్ని నమూనాగా తీసుకునే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టినారు. బడి పిల్లలకు సేవలు కూడా దానిలో భాగమే. హెచ్‌ఎం సంతకంతో జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ఒక అర్జీ రాయండి, నకలు కర్నూలు సర్వజన వైద్యశాల మానసిక విభాగానికి పెట్టండి. బృందం వచ్చిన రోజు ఈ పిల్లను పేరు పెట్టి పిలిపించొద్దు. ముందు తరగతి అంతటికీ అరగంట మాట్లాడించు. తర్వాత "బరువు చూస్తాం, కళ్లు చూస్తాం, నిద్ర పట్టనోళ్లు, తలనొప్పి, కడుపునొప్పి ఉన్నోళ్లు కూడా రండి" అని ల్యాబ్‌లో కూర్చోబెట్టు. ఇరవై మంది వస్తారు చూడు, ఈ పిల్ల వాళ్లలో ఒకతె అవుతుంది.

అవ్వతో దారం గురించి వాదన పెట్టుకోవద్దు. స్వామికి మొక్కినారు, మంచిది, ఇప్పుడు డాక్టరుకు కూడా చూపిద్దాం అను. గుడిని తీసిపారేసినట్టు మాట్లాడితే ఆసుపత్రి గుమ్మం ఎక్కరు.

ఎర్రనేల సారు (కళ్యాణదుర్గం)

సిస్టర్ గారు చెప్పినవన్నీ సరైనవే మేడం, కానీ బడిలో తీరిక ఎక్కడిది? హాజరు యాప్‌లో, భోజనం లెక్క యాప్‌లో. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్యం పాఠాలకు బడికి ఇద్దరు టీచర్లు, వారానికి ఒక గంట, 11 అంశాలు అన్నారు. పాఠం వరకు బాగుంది. ఒక పిల్లతో నలభై నిమిషాలు కూర్చుంటే, ఆ నలభై నిమిషాలు నా తరగతిని ఎవరు చూస్తారు? అది తేల్చకుండా టీచర్లే కౌన్సెలర్లు అయిపోవాలంటే నేను ఒప్పుకోను.

మా బడిలో "మనసులో మాట" అని డబ్బా పెట్టినాం. హెచ్‌ఎం గది గుమ్మం పక్కనే పెట్టడం మా బుద్ధిలేనితనం. అందరూ చూస్తుండగా ఎవరు వేస్తారు? రెండో వారంలో మగపిల్లలు డబ్బా విప్పి ఒకమ్మాయి చీటీ తరగతిలో చదివేసినారు. ఆ పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదు. నేనే ఇంటికి పోయి క్షమాపణ అడిగి పిలుచుకొచ్చినా. దయచేసి డబ్బా జోలికి పోవద్దు.

మాకు పనికొచ్చింది ఆటల పీరియడ్. గ్రౌండ్ చుట్టూ నడుస్తూ మాట్లాడితే పక్కనున్నోళ్లకు అది మామూలు నడకే. ఎదురెదురుగా కుర్చీ వేసి కూర్చుంటే నోరు విప్పని పిల్లవాడు, చింతచెట్టు నుంచి గేటు దాకా నడిచేలోపు వాళ్ల నాన్న తాగుడు సంగతంతా చెప్పేసినాడు.

అర్జీలో ఒక మాట చేర్చండి. 2025 జూలై 25న సుప్రీం కోర్టు విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని, అంతకన్నా తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. బడులకూ హాస్టళ్లకూ కూడా ఇది వర్తిస్తుంది. ఇది మన దయ కాదు, పిల్లకు రావలసినది. మండలానికి ఒక్కరొచ్చి వారానికొక రోజు ఒక్కో బడిలో కూర్చున్నా చాలు, నేను అడుగుతున్నది అంతే.

సుగ్గి పిల్లోడు (కర్నూలు)

మేడం, నేను ఇప్పుడు కర్నూల్లో డిగ్రీ రెండో సంవత్సరం. ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగు సుగ్గిలు హాస్టల్లో ఉన్నా. నాకు కడుపు కాదు, తల నొచ్చేది.

మీరంతా విడిచిపోయినారనే బాధ ఒక్కటే అనుకుంటున్నారు. నాకు దానికన్నా పెద్దది ఇంకొకటి ఉండేది. చెల్లెల్ని తీసుకుపోయి నన్ను ఎందుకు విడిచినారు అని. చదువుకోసమని వాళ్లు చెప్పినారు. నాకు మాత్రం నేనే భారం అనిపించేది. ఎవరికీ చెప్పలేదు, చెబితే అమ్మ ఏడుస్తుందని. మీ పిల్ల తమ్ముణ్ణి కూడా తీసుకుపోయినారు కదా. ఒకసారి అడిగి చూడండి.

ఇంకొకటి ఫోన్. అమ్మ రాత్రి చేలోంచి వచ్చి వంట చేసుకునేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. ఒకరోజు కలిసేది, రెండు రోజులు కలిసేది కాదు. ఫోన్ రాని రాత్రి నిద్ర ఉండేది కాదు. ఎనిమిదో తరగతిలో మా వార్డెన్ సారు అమ్మతో మాట్లాడి బుధవారం, ఆదివారం అని రెండు రోజులు ఖాయం చేసినాడు. ఆ రెండు రోజులు తప్పలేదు. మిగతా రోజులు ఎదురుచూడడం మానేసినా. తలనొప్పి పూర్తిగా పోలేదు గానీ బడి ఎగ్గొట్టేంతగా రాలేదు.

బయాలజీ మేడం (కోసిగి వైపు)

అందరికీ దండాలు. పది రోజులు ఆగి రాస్తున్నా.

ముందు ఆ పిల్లకు క్షమాపణ చెప్పినా, తరగతి ముందరే, ఎందుకంటే అన్నది తరగతి ముందరే కాబట్టి. తలెత్తలేదు. రెండు రోజుల తర్వాత సారు చెప్పినట్టు ఆటల పీరియడ్‌లో నడిచినాం. నోటుబుక్కులో ఆదివారాలు ఖాళీ, సోమవారాలు నిండా నొప్పి. సిస్టర్ గారు అడగమన్న ఆ ప్రశ్న గొంతులో అడ్డం పడింది, అయినా అడిగినా. "అట్లా ఏం లేదు మేడం, పడుకుంటే లేవకూడదు అనిపిస్తది అంతే" అంది. ఆ మాట విని 14416కు ఆ సాయంత్రమే చేసినా. పన్నెండు నిమిషాలు మాట్లాడినారు, నేరుగా డాక్టరుకు చూపించమన్నారు. అవ్వ ఇంటి పంచలో అల్మారా మీద ఉన్న పత్తి మందు డబ్బా పక్కింటోళ్ల కొట్టంలో పెట్టించి తాళం వేయించినా.

తమ్ముడి సంగతి కర్నూలు అబ్బాయి చెప్పినట్టే ఉంది. అడగ్గానే నిలబడిపోయింది. "వాడు మగపిల్లోడు కదా మేడం" అంది. వాళ్లమ్మకు ఆ మాట నేనే ఫోన్లో చెప్పినా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాడికి నాలుగేండ్లు మేడం, ఇంకా నేను తినిపిస్తేనే తింటాడు. ఇదైతే తెలివైంది, ఉండగలదు అనుకుంటి" అంది. ఇదే మాట నాకు కాదు, పిల్లకు చెప్పమన్నా. ఆదివారం చెప్పిందంట. వారానికి రెండు రోజుల ఫోన్ ఖాయం చేసుకున్నారు.

అర్జీ పోయింది, జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగలేను. ఈ గురువారం సెలవు పెట్టి అవ్వను, పిల్లను తీసుకుని పొద్దున మొదటి బస్సుకు కర్నూలు పోతున్నా. అవ్వ కూలి డబ్బులు స్టాఫ్‌లో నలుగురం వేసుకున్నాం. ఓపీ చీటీ ఎన్ని గంటలకు మొదలుపెడతారో, మానసిక విభాగం ఏ బ్లాకులో ఉందో తెలిసినోళ్లు చెప్పండి. అవ్వ ఎక్కువ దూరం నడవలేదు.